కుర్చీలు మార్చి చదవండి

బుధవారం మధ్యాహ్నం రెండుంబావుకు సి.ఐ. వినయ్ కుమార్ నాకు పది నిమిషాలు ఇచ్చాడు. ఇచ్చిన తీరు చూస్తే తన సొంత పొలంలోంచి ముక్క కోసిచ్చినట్టుంది.

“లాకప్ దగ్గరే నిలబడి మాట్లాడుకోండి మేడమ్. పాత డిపార్ట్‌మెంట్ మనిషి కదా అని అలో చేస్తున్నా. నాలుగున్నరకి వాణ్ణి జీపెక్కిస్తా. ఐదుకి మేజిస్ట్రేట్ ముందు పెడతా. రిమాండ్. ఫినిష్.”

ఒక్క వాక్యం కూడా పూర్తిగా తెలుగులో అనడు. ఇంగ్లీషు మీడియంలో చదివిన సంగతి గంటకోసారి గుర్తుచేయకపోతే మనం మరిచిపోతామని ఆయన భయం. నేను ఇరవై ఎనిమిదేళ్ళు ఇదే ఉద్యోగంలో అరిగి, ఏ.ఎస్.ఐ.గా బయటికొచ్చి, ఇప్పుడు జిరాక్సు షాపు మీద ఒక గది తీసుకుని ‘మాలకొండమ్మ, ప్రైవేటు విచారణలు’ అని బోర్డు పెట్టుకున్నాను. ఆ బోర్డు చూస్తే అతనికి నవ్వొస్తుంది. అతన్ని చూస్తే నాకు ఆవులింత వస్తుంది.

కేసు చెప్పుకోవడానికి చిన్నదే. ప్రభాకరరావు మాస్టారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. డెబ్బై ఒకటేళ్ళు. పలకల ఫ్యాక్టరీలవాళ్ళకు, కోర్టు పనులున్నవాళ్ళకు ఇంగ్లీషులో కాగితాలు రాసిపెట్టేవాడు. నిన్న పొద్దున ఆరింటికి వంటమనిషి అలివేలమ్మ రాతగది తలుపు తీస్తే ఆయన తల పగిలి పడి ఉన్నాడు. పక్కన ఇంటి కప్పుకు వేసే పలకరాయి శాంపిల్, రెండు కిలోల బరువుది. ప్రాణం పోయింది సోమవారం సాయంత్రం ఏడున్నరకూ ఎనిమిదికీ మధ్య అని డాక్టరు రాసిచ్చాడు. రాయి మీద వాజిద్ వేలిముద్రలు ఉన్నాయి. వాజిద్ మాస్టారి దగ్గర టైపు చేసే కుర్రవాడు, రోజూ ఆ రాయినే కాగితాల మీద బరువుగా పెట్టుకునేవాడు. ఆ రెండో సంగతి రిపోర్టులో లేదు. ఉంటే కేసు పొడుగవుతుంది గదా.

ఇక కారణం. వాజిద్ నాయన ముస్తాక్ అహ్మద్, బాలకృష్ణ అనే ఆయన కలిసి ముప్పై ఏళ్ళుగా బి.ఎమ్. స్లేట్ వర్క్స్ నడుపుతున్నారు. ముస్తాక్ ఇప్పుడు హైదరాబాదులో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. డాక్టర్లు నెల కూడా చెప్పడం లేదు. పాత ఒప్పందం తిరగరాస్తున్నారు. అందులో ఏడో షరతు ఒకరు చనిపోతే రెండో ఆయన చనిపోయినవాడి పిల్లల్ని భాగస్వాములుగా తీసుకోవాలని. అటునుంచి ఇటూ, ఇటునుంచి అటూ వర్తించాలి. బ్యాంకు ఫారంలో ఆ షరతుకు ఇచ్చిన పెట్టెలో ఎనభై అక్షరాలే పడతాయి. అందుకని ‘బాలకృష్ణ చనిపోతే ముస్తాక్ అతని వారసులను తీసుకోవాలి’ అని ఇంగ్లీషులో రాసి, తిరుగు సంగతిని చివర రెండు మాటల్లో ముగించారు. ‘అండ్ వైస్ వెర్సా’ అని.

ఆ తోక ఉంటే ముస్తాక్ పిల్లలకు ఫ్యాక్టరీలో సగం. తోక లేకపోతే ముస్తాక్ కన్ను మూసిన రోజే వాళ్ళు రోడ్డు మీద. వాజిద్ కంప్యూటర్లో ఏడూ ముప్పై రెండుకు సేవైన ఫైల్లో తోక ఉంది. బాలకృష్ణ మాత్రం మాస్టారు రాసినదాంట్లో అది లేనే లేదంటున్నాడు. కాబట్టి వాజిద్ దొంగతనంగా చేర్చాడట, మాస్టారు పట్టుకున్నాడట, వాజిద్ రాయెత్తాడట. వినయ్ కుమార్ దీన్ని ‘ఓపెన్ అండ్ షట్’ అంటాడు. తెరిచింది నాకైతే కనపడలేదు.

నన్ను పెట్టుకున్నది వాజిద్ చెల్లెలు నస్రీన్. ప్రైవేటు బడిలో టీచరు. వాళ్ళ నాయన తరఫున సంతకం పెట్టే అధికారం కూడా ఆ పిల్లదే. పొద్దున తొమ్మిదికి నా గదికొచ్చి కూచుని, దుపట్టా కొంగును మెలిపెట్టి మెలిపెట్టి, దానికున్న చమ్కీలు నా టేబుల్ మీద రాల్చి పోయింది. మాట్లాడింది తక్కువ. “మా అన్నను బయటికి తెచ్చియ్యి అత్తా, ఇంకేమీ అడగొద్దు” అంది. విచారణకు పిలిచి ఏమీ అడగొద్దనే మనుషులంటే నాకు మంట. అయినా ఒప్పుకున్నాను.

లాకప్ చువ్వల వెనక వాజిద్ రెండు రోజుల గడ్డంతో నిలబడ్డాడు.

“సోమవారం ఎన్నింటికి పోయినావు?”

“ఏడుంబావుకు అత్తా. పలక మీద ఉండేది చూసి టైపు చేసినా. ఏడూ ముప్పై ఐదుకు బయటపడినా. సార్ బాగనే ఉండినాడు. రేపు పొద్దున ప్రింటు తీద్దామన్నాడు.”

“పలక ఏంది?”

“సార్ కాగితం మీద చిత్తు రాయడు. పలక మీద బలపంతో రాస్తాడు. నచ్చకపోతే తుడుస్తాడు.”

“ఆ రెండు మాటలు పలక మీద ఉండినాయా?”

“ఉండినాయి. సార్ చేతి రాతే.”

“అవే ఎందుకు? ఇంగ్లీషులో ఇంకేం మాటలు దొరకలేదా మీ సారుకు?”

అప్పటిదాకా నేల చూస్తున్నవాడు తలెత్తాడు. చచ్చినాయన పాఠం గుర్తొచ్చినట్టుంది, మొహంలో కొంచెం నెత్తురాడింది.

“శానా ఉండాయి అత్తా. ‘ది అదర్ వే రౌండ్’ అంటే నోటితో చెప్పేదానికి బాగుంటాది, కాగితంలోకి రానీనంటాడు. ‘కన్వర్స్‌లీ’ పెడితే దాని ఎనక మళ్ళా వాక్యమంతా రాయాల, ఆ పెట్టెలో పట్టదు. బాలకృష్ణ మామ ‘మ్యూచువల్’ అని పెట్టి వదిలెయ్యమన్నాడంట. సార్ ఒప్పుకోలా. అది పెడితే ఎవురు ఎవురికి చెయ్యాల్నో తేలక పిల్లోళ్ళు కోర్టు చుట్టూ తిరుగుతారన్నాడు. ‘వైస్ వెర్సా’ అయితే రెండే మాటలు, తిప్పి చదవమని. కానీ ఊరికే పెట్టడు. కుర్చీలు మార్పిస్తాడు.”

“కుర్చీలా?”

“రెండు పక్కలవాళ్ళనూ ఎదురెదురు కూచోబెట్టి ఒకసారి చదువుతాడు. మళ్ళా ఇద్దర్నీ లేపి, ఈయన కుర్చీలో ఆయన్ని, ఆయన కుర్చీలో ఈయన్ని కూచోబెట్టి, పేర్లు తిప్పి చదువుతాడు. అప్పుడు కూడా ఇద్దరూ సరే అంటేనే ఆ మాట ఉంచుతాడు. ఎవురన్నా కుదురుగా కూచోలేకపోతే తుడిచేస్తాడు. ఒక పక్క షరతు అయితే లేపడు.”

ముసలాయన మీద నాకు గౌరవం పెరిగింది. లా చదివిన వాళ్ళకు కూడా తట్టని పద్ధతి. “సోమవారం ఆ కుర్చీల్లో ఎవరెవరు కూచున్నారు?”

వాజిద్ మొహం మళ్ళీ నేలకు పోయింది.

“నాకు తెలీదు అత్తా. నేను పోయేసరికి ఎవురూ లేరు.”

“బాలకృష్ణ ఒక్కడే వచ్చినానంటాండాడు. ఒక్కడే అయితే ఎవరితో మార్చుకుంటాడు, గోడతోనా?”

“తెలీదు.”

“నువ్వు పోయేటప్పుడు వీధిలో ఎవరన్నా ఎదురొచ్చినారా?”

“తెలీదన్నా గదత్తా.” ఆ మాట మాత్రం కోపంగా అన్నాడు. యావజ్జీవ శిక్ష తల మీద వేలాడుతుంటే ఎవరినో దాచిపెడుతున్నాడు. ఇలాంటి త్యాగమూర్తుల్ని నా సర్వీసులో చాలామందిని చూశాను. వాళ్ళ వల్ల మంచివాళ్ళు బాగుపడింది ఎప్పుడూ లేదు, అసలు దొంగలు మాత్రం హాయిగా నిద్రపోయారు.

వరండాలోకి వస్తే బాలకృష్ణే కూచుని ఉన్నాడు. తెల్లచొక్కా, మెడలో కండువా, మొహం మీద కొలిచి పెట్టుకున్నంత దుఃఖం. మాస్టారికి సంతాపంగా తర్లుపాడు రోడ్డులోని ఫ్యాక్టరీని మూడు రోజులు మూసి, గేటుకు బోర్డు కట్టించాడని ఊరంతా చెప్పుకుంటోంది. అట్లా చెప్పుకునేట్టు చేయడంలో ఆయన ఆరితేరినవాడు. కానిస్టేబుల్ టీ తెస్తే చెయ్యి అడ్డం పెట్టాడు.

“షుగరున్నాది నాయనా. చక్కెర లేకుంటేనే ఇయ్యి.”

“నాలుగు మాటలు బాలకృష్ణన్నా,” అన్నాను పక్కన కూచుంటూ.

“అడుగు తల్లీ. ఆ పిల్లోణ్ణి నేను ఎత్తుకోని పెంచినా. ఇట్ల చేస్తాడని కలలో కూడా అనుకోలా.”

“ఎన్నింటికి పోయినావు మాస్టారింటికి?”

“ఆరున్నరకు. ఏడుకు లేచి వచ్చినా.”

“నీతో ఎవరొచ్చినారు?”

“ఒక్కణ్ణే. ముస్తాక్ ఆసుపత్రిలో ఉండె. ఇంకెవురొస్తారు?”

“టీ తాగినావా?”

“అలివేలమ్మ ఇచ్చింది. చక్కెర లేని టీ.”

“ఎక్కడ కూచున్నావు?”

“కిటికీకాడ, ఫ్యాను కింద కుర్చీలో. మోకాళ్ళు పట్టుకపోయి ఉండాయి. కూచున్నోణ్ణి మళ్ళా పోయేదానికే లేచింది.” జేబులోంచి నశ్యం డబ్బీ తీసి చిటికెడు పీల్చాడు. తర్వాత ఆ వేళ్ళను, పక్కన ఎవరున్నారో చూడకుండా, పోలీస్ స్టేషన్ గోడకు రాసి తుడిచాడు. రెండు వేళ్ళ మేర గోధుమరంగు గీత మిగిలింది. పెద్దమనిషి. ఊళ్ళో ఏ గోడైనా ఆయన రుమాలే.

“గిద్దలూరులో పనుంది, పోయొస్తా తల్లీ,” అని లేచాడు. మోకాళ్ళు పట్టుకుపోయిన మనిషి మెట్లు మాత్రం చురుగ్గానే దిగాడు. అప్పుడు టైము రెండూ నలభై.

మాస్టారిల్లు నడిచిపోయేంత దూరం. మూడింటికి అక్కడున్నాను. రాతగదికి సీలు వేయడం మరిచిపోయారు. తాళం చెవి అలివేలమ్మ కొంగుకే ఉంది. ఓపెన్ అండ్ షట్ కేసులో షట్ చేయాల్సింది అదొక్కటే, అదీ చేయలేదు.

“లోపల ఏమన్నా కదిలించినారా అలివేలూ?”

“లేదక్కా. పోలీసులు రాయి తీసుకపోయినారు, కంపూటరు తీసుకపోయినారు. కప్పులు కడగమంటారా అని అడిగితే ఆ సారు నన్ను కసిరినాడు. ఆడమనిషి గోల అన్నాడు. నాకేంలే అని వదిలేసినా.”

గది చిన్నది. మధ్యలో మాస్టారి బల్ల, దాని మీద తుడిచిన పలక. కిటికీ పక్కన ఒక కుర్చీ, ఫ్యాను దాని మీదికే తిరుగుతుంది. ఎదురుగా గోడకు ఆనించి ఇంకో కుర్చీ, గాలి రాని మూల. రెండు కుర్చీల పక్కనా రెండు పీటలు, పీటల మీద రెండు కప్పులు. ఒంటరిగా వచ్చిన బాలకృష్ణకు రెండు కప్పులు.

“సోమవారం ఇద్దరికి టీ ఇచ్చినావా?”

“ఇద్దరికే అక్కా. ఆరూ నలభైకి. సార్ గడప కాడికొచ్చి చెప్పినాడు, ఒకదాంట్లో చక్కెర వెయ్యొద్దని. పలక మీద రాత ఉన్నంతసేపు సార్ ఎవురినీ లోపలికి రానీడు గదా. గడపలోనే రెండు కప్పులూ అందుకోని తనే పెట్టినాడు. కిటికీ కుర్చీకి చక్కెర లేనిది, గోడ కుర్చీకి చక్కెరది.”

“గోడ కుర్చీలో ఎవరున్నారు?”

“తలుపు రెక్క అడ్డమక్కా. కనపడలా. గొంతు కూడా వినపడలా. కప్పులిచ్చేసి నేను ఇంటికి పోయినా.”

వంగి చూశాను. కిటికీ పక్క కప్పులో అడుగున టీ ఎండి చారిక కట్టింది, అంతే. గోడ పక్క కప్పులో చీమలు, చక్కెర పాకానికి అతుక్కుపోయి ఎండిపోయినవి, ముప్పై నలభై ఉంటాయి. అలివేలమ్మ అబద్ధం చెప్పలేదు. షుగరు మనిషి బాలకృష్ణ కూచున్నది కిటికీ దగ్గరే. ఆయన చెప్పిందీ అదే.

తర్వాత గోడ చూశాను. తెల్లగా మెరుస్తోంది.

“సున్నం ఎప్పుడు కొట్టించినారు?”

“ఆదివారం అక్కా. నేనే కొట్టినా.”

ఆదివారం కొట్టిన సున్నం మీద, గోడ కుర్చీలో కూచుంటే కుడిచెయ్యి ఆనేచోట, గోధుమరంగు గీత. రెండు వేళ్ళ వెడల్పు. ముక్కు దగ్గర పెట్టి చూడక్కర్లేదు, అయినా పెట్టాను. నశ్యం.

మోకాళ్ళ మీద కిటికీ కుర్చీ కిందికి దూరాను. నా వయసులో అది సరదా పని కాదు. కుర్చీ కాళ్ళ మధ్య నేల మీద చిన్నచిన్న మెరుపులు. ఒకటి గోటితో తీసి అరచేతిలో వేసుకున్నాను. దుపట్టా చమ్కీ.

కాసేపు నేల మీదనే కూచుండిపోయాను. కప్పులు ఒకవైపు చెబుతున్నాయి, మనుషులు వదిలిన గుర్తులు ఎదురువైపు చెబుతున్నాయి. చక్కెర లేని కప్పు కిటికీ దగ్గర, దాన్ని తాగినవాడి నశ్యం గోడ దగ్గర. చక్కెర కప్పు గోడ దగ్గర, దాన్ని తాగినదాని చమ్కీలు కిటికీ దగ్గర. టీ తాగేదాకా ఒక చోట, తాగినాక ఇంకో చోట. ఇద్దరూ.

“మేడమ్, దిస్ ఈజ్ ట్రెస్‌పాస్.”

గుమ్మంలో వినయ్ కుమార్. మూడూ ఇరవై ఐదు. నేను కుర్చీ కింద నుంచి లేవడం చూసి ఆయనకు పండగైంది.

“కుర్చీ కింద క్లూస్ వెతుకుతున్నారా? టీవీ సీరియల్ ఎఫెక్టా?”

“సీలు వేసుంటే వచ్చేదాన్ని కాదు సార్. వేయలేదు గదా, చూసి పోదామనుకున్నా. కుర్చీలు మార్పించే పద్ధతి గురించి వాజిద్ మీకు చెప్పలేదా?”

“చెప్పాడు. నాన్సెన్స్. మ్యూజికల్ చెయిర్స్ ఆడించే ముసలోడు. ఎవిడెన్స్ వాల్యూ జీరో.”

“ఆ జీరోను కొంచెం ఓపిగ్గా చూడండి సార్.” కప్పులు చూపించాను, చీమలు చూపించాను, గోడ చూపించాను, చమ్కీ చూపించాను. అలివేలమ్మ సున్నం సంగతి మళ్ళీ చెప్పింది. ఆయన జేబులో చేతులు పెట్టుకునే విన్నాడు.

“సో వాట్? ఆయన ప్లేస్ మారుంటాడు. గాలి కోసం.”

“ఫ్యాను కిటికీ కుర్చీ మీద తిరుగుతుంది. గాలి కోసం గాలి లేని మూలకు పోయినాడా? అదీ మోకాళ్ళు పట్టుకుపోయి లేవనే లేదన్న మనిషి? గంట కూడా కాలేదు, మీ వరండాలోనే చెప్పినాడు నాతో. మీ గోడకు కూడా రాసిపోయినాడు నశ్యం. ఆ గీతకు సీలు వేయించుకోండి, మరిచిపోతారు.”

కానిస్టేబుల్ ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. వినయ్ కుమార్ చెవులు ఎర్రబడ్డాయి.

“ప్లేస్ మారాడనే అనుకుందాం. దాంతో ఏం ప్రూవ్ అవుతుంది?”

“ఒక పక్క షరతుకు మాస్టారు ఎవర్నీ కుర్చీలోంచి లేపడు సార్. తిరుగు మాట పెట్టినప్పుడే లేపుతాడు. వీళ్ళు లేచినారంటే ‘వైస్ వెర్సా’ ఆ పలక మీద అప్పటికే ఉంది. బాలకృష్ణ దాన్ని విన్నాడు, కుర్చీ మార్చుకుని కూచుని ఇంకోసారి విన్నాడు, సరే కూడా అన్నాడు. ఏడుంబావుకు వచ్చిన వాజిద్ అందులో కొత్తగా చేర్చడానికి ఏం మిగల్లేదు. చంపడానికి కారణమూ మిగల్లేదు. ఆ మాట తీసేయమని వాజిద్ పోయినాక తిరిగొచ్చి అడిగినవాడికే కారణం ఉంది. మాస్టారు ఒప్పుకుని ఉండడు.”

ఆయన వంగి గోడ మీది గీతను తనే చూశాడు. ఆయన నోట్లోంచి ఇంగ్లీషు రాకపోవడం నేను చూడ్డం అదే మొదటిసారి. నా గెలుపు రుచి రెండు నిమిషాలు కూడా నిలవలేదు.

“ఓకే. సెకండ్ పర్సన్ ఎవరు? మీ మిస్టరీ లేడీ?”

అరచెయ్యి తెరిచి చూసుకున్నాను. ఇలాంటి చమ్కీ, ఇదే నీలం రంగుది, పొద్దున నా టేబుల్ మీద ఏడెనిమిది పడ్డాయి. తడిగుడ్డతో తుడిచేసింది నేనే. ఇంకొకళ్ళు కప్పులు పట్టించుకోలేదని వెక్కిరించే మనిషిని, నా ముందు రాలిన సాక్ష్యాన్ని చెత్తబుట్టలో వేసుకున్నాను. ముస్తాక్ తరఫున సంతకం పెట్టాల్సింది నస్రీన్ అయితే, ముస్తాక్ కుర్చీలో నస్రీన్ కాక ఇంకెవరు కూచుంటారు?

వాజిద్ కోపం అప్పుడర్థమైంది. సోమవారం ఆ వీధి మలుపులో చెల్లెల్ని చూసి ఉంటాడు. ఆమె పేరు బయటికి రాకూడదని వాడు నోరు కుట్టుకున్నాడు. నోరు తెరిస్తే అన్నకు చేటని ఆమె నోరు కుట్టుకుంది. వాడు ఆమె కోసం, ఆమె వాడి కోసం. మాస్టారుంటే రెండు మాటల్లో చెప్పేవాడు. నాకు మాత్రం ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చెరొక చెంపా వాయించాలనిపించింది.

ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టి వినయ్ కుమార్‌ను నోరు మూసుకోమని వేలు చూపించాను. మూసుకున్నాడు. టైము మూడూ నలభై ఎనిమిది.

“ఎక్కడుండావు నస్రీన్?”

“మామతో ఉండా అత్తా, బాలకృష్ణ మామతో. గిద్దలూరు నోటరీ కాడికి పోతాండాము. మా అబ్బా రబ్బరు స్టాంపు ఫ్యాక్టరీలో ఉందంటే తీసుకుందామని ఆగినాము. మామ లోపల వెతుకుతాండాడు.”

“ఇంకెవరున్నారు అక్కడ?”

“ఎవురూ లేరు. సెలవు గదా.”

“సోమవారం సాయంత్రం మాస్టారి గదిలో గోడ కుర్చీలో కూచున్నది నువ్వే గదా?”

ఆమె గొంతు గుసగుసలోకి దిగింది.

“మామ చెప్పొద్దన్నాడు అత్తా. నేను కూడా ఆడ ఉన్నానని తెలిస్తే ఇద్దర్నీ లోపలేస్తారన్నాడు. ఈ కాగితం మీద సంతకం పెడితే పొద్దుగూకేలోపల అన్నను ఇడిపిస్తానన్నాడు. పెద్ద వకీలును మాట్లాడినాడంట.”

“సంతకం పెట్టినావా?”

“ఇంకా లేదు. నోటరీ ముందర పెట్టాల గదా.”

“కాగితం చేతిలో ఉందా? ఏడో షరతు చదువు.”

కాగితం గలగలలాడింది. బడిలో పిల్లలకు చెప్పినట్టు స్పష్టంగా చదివింది. బాలకృష్ణ చనిపోతే ముస్తాక్ అతని వారసులను భాగస్వాములుగా తీసుకోవాలి. అక్కడ ఆగింది.

“తర్వాత?”

“తర్వాత ఎనిమిదో షరతు అత్తా.”

“మాస్టారు సోమవారం చదివించినట్టు చదువు. కుర్చీలు మార్చి.”

ఆమె పెదాలు కదపడం నాకు వినపడలేదు, కానీ చదువుకుంటోందని తెలుస్తోంది. వినయ్ కుమార్ జేబుల్లోంచి చేతులు బయటికి వచ్చాయి.

“అబ్బా పోతే...” అంది నస్రీన్. మళ్ళీ మొదలుపెట్టి అక్కడే ఆగింది. “అబ్బా పోతే మాకు కుర్చీ లేదు అత్తా. సార్ రాసిన రెండు మాటలూ దీంట్లో లేవు. సోమవారం మామ కూడా సరేనన్నాడు. నా ముందరే అన్నాడు.”

“సరేనన్నది విన్నవాళ్ళు ఇద్దరే. మాస్టారు, నువ్వు,” అన్నాను. “కాగితం ఆడే పెట్టి, మాట్లాడకుండా గేటు బయటికి నడువు. పరుగెత్తొద్దు. నేను వస్తాండా.”

“గేటుకు తాళమేసినాడు అత్తా. కుక్కలొస్తాయని.”

అంతలో వెనకనుంచి ఆయన గొంతు, మధ్యాహ్నం వరండాలో విన్నంత మెత్తగానే వచ్చింది. “ఎవురమ్మా ఫోన్లో?”

తర్వాత ఒక స్విచ్చు టక్కుమంది. గరగరమని మొదలై, పెరిగి పెరిగి ఆ చప్పుడు ఫోనంతా నిండిపోయింది. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళు ఎవరైనా నిద్రలో కూడా గుర్తుపడతారు. పలకరాయి కోసే రంపం. అది నడుస్తుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. గేటుకు సంతాపం బోర్డు కట్టి మూడు రోజులు మూసిన ఫ్యాక్టరీలో, పనివాళ్ళు ఒక్కరూ లేనిచోట, ఎవరి కోసమో దాన్ని ఆడిస్తున్నారు.

ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే స్విచ్చాఫ్.

వినయ్ కుమార్ అప్పటికే జీపు వైపు పరుగెత్తుతున్నాడు. తలుపు తీసి నా కోసం ఆగి, జీవితంలో మొదటిసారి ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా అడిగాడు.

“ఎంత దూరం?”

“ఎనిమిది కిలోమీటర్లు,” అన్నాను.